హార్మోన్లను తికమక పెట్టే రసాయనాలు: ఇంట్లో ఏది ముందు మార్చాలి, ఏది వదిలేయొచ్చు

కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి పడుకోబోతూ ఫోన్‌లో ఏదో చదివాను. పొద్దున లేవగానే వంటింట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ పెద్ద సంచీలో వేసి బయట పెట్టేశాను. మధ్యాహ్నానికి మిగిలిన తిండి ఎందులో సర్దాలో తెలియలేదు, సాయంత్రానికి ఇంట్లోవాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. అసలు తమాషా ఏంటంటే, నేను పారేసినవాటిలో ముప్పావు వంతు ఎండు సరుకులు పోసుకునేవి, వాటితో ముప్పు చాలా తక్కువ. నిజంగా మానాల్సిన పని, అంటే వేడివేడిగా ఉన్నదాన్ని ప్లాస్టిక్‌లో పెట్టి మూత బిగించడం, ఆ తర్వాత ఇంకో ఏడాది చేస్తూనే ఉన్నాను, ఎందుకంటే ఆఫీసుకు తీసుకెళ్లే డబ్బా ఆ పొద్దున వంటింట్లో లేదు, నా బ్యాగులో ఉంది.

మీరు అలా చేయకూడదనే ఇది రాస్తున్నాను. ఏది ముందు చేయాలి, ఏది నిదానంగా చేయొచ్చు, దేని గురించి టెన్షన్ పడక్కర్లేదు అన్న వరుసలో చెప్తాను. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

ముందు సంగతేంటో తెలుసుకోండి

థైరాయిడ్, క్లోమం, అడ్రినల్, అండాశయాలు, వృషణాలు, ఇవన్నీ రక్తంలోకి హార్మోన్లు వదులుతాయి. వాటి మోతాదు నమ్మలేనంత తక్కువ. ఈస్ట్రోజెన్‌ని రక్తంలో పికోగ్రాముల్లో కొలుస్తారు, పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. అంత కొద్దిదానికే పలికేలా మన కణాలు తయారయ్యాయి కాబట్టి, హార్మోన్ లాంటిదే ఇంకోటి కాస్త లోపలికి వచ్చినా అవి మోసపోతాయి. ఇంటి కాలింగ్ బెల్ అనుకోండి. కొన్ని రసాయనాలు అసలు మనిషి వచ్చినట్టే బెల్ కొడతాయి, కొన్ని గుమ్మంలో అడ్డంగా కూర్చుని అసలు మనిషిని రానివ్వవు, కొన్ని ఆ మనిషి బయల్దేరే చోటే ఆపేస్తాయి. బీపీఏ అని పిలిచే బిస్ఫినాల్-ఏ మొదటి రకం పని చేస్తుంది, ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే థాలేట్లలో కొన్ని టెస్టోస్టిరాన్ తయారీనే తగ్గిస్తాయి.

బీపీఏ ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని ఈమధ్య కనిపెట్టిందేమీ కాదు. 1930లలోనే బ్రిటన్‌లో చార్లెస్ డాడ్స్ అనే శాస్త్రవేత్త కృత్రిమ ఈస్ట్రోజెన్ కోసం వెతుకుతూ దాన్ని పరీక్షించాడు. 1938లో డీఈఎస్ అనే ఇంకా బలమైన మందు దొరకడంతో బీపీఏని పక్కన పెట్టేశారు. తర్వాత అది మందుల షాపులోకి రాలేదు గానీ, ప్లాస్టిక్ రూపంలో వంటింట్లోకి వచ్చింది. ఆ డీఈఎస్‌నేమో గర్భస్రావం జరగకుండా ఉంటుందని లక్షల మంది గర్భిణులకు ఇచ్చారు. 1971లో తేలింది, దాన్ని వాడిన తల్లులకు పుట్టిన ఆడపిల్లల్లో కొందరికి టీనేజీలోనో, ఇరవై ఏళ్లు దాటుతుండగానో చాలా అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని. మందు మింగింది తల్లి, దెబ్బ తగిలింది కడుపులో ఉన్న బిడ్డకు, అదీ పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత. ఈ రసాయనాల గురించి డాక్టర్లు గర్భిణులకే ముందు చెప్పడానికి కారణం ఇదే.

ఇక ముప్పు ఎంత అంటే, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. డీఈఎస్ విషయంలో సందేహం లేదు. మరకలు, నీళ్లు అంటని పూతల్లో వాడే పీఫాస్ అనే రసాయనాల కుటుంబంలోని పీఎఫ్‌ఓఏని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. కొలెస్ట్రాల్ పెరగడానికీ, టీకాలకు శరీరం సరిగ్గా స్పందించకపోవడానికీ పీఫాస్‌తో ఉన్న సంబంధం కూడా గట్టిదే. థాలేట్లు గర్భంలోని మగపిల్లల జననాంగాల ఎదుగుదలను మారుస్తాయని జంతువుల్లో స్పష్టంగా తెలుసు, మనుషుల్లోనూ ఆ ఆనవాళ్లు కనిపించాయి. బీపీఏకీ షుగర్ జబ్బు, ఊబకాయం, ఆడవాళ్లలో నెలసరి తప్పించే పీసీఓఎస్ లాంటివాటికీ సంబంధం చూపిన అధ్యయనాలు బోలెడున్నాయి కానీ, వాటిలో ఎక్కువ భాగం రెండూ కలిసి కనిపించాయని చెప్పేవే, ఒకదానివల్లే ఇంకోటి వచ్చిందని తేల్చినవి కావు. మగవాళ్ల వీర్యకణాల విషయమూ అంతే. పాశ్చాత్య దేశాల్లో 1973 నుంచి 2011 మధ్య వాటి సాంద్రత సగానికి పైగా తగ్గిందని 2017లో ఒక పెద్ద విశ్లేషణ చెప్పింది, కారణం ఈ రసాయనాలేనా, బరువు, పొగతాగడం, ఇంకేమైనా ఉన్నాయా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. "ప్లాస్టిక్ ముట్టుకుంటే పిల్లలు పుట్టరు" అనేవాళ్ల మాటా, "ఇదంతా ఉత్త భయం" అనేవాళ్ల మాటా, రెండూ పట్టించుకోకండి.

రెండు రకాలుగా విడగొట్టుకోండి

నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన విషయం ఇదే, ఎవరూ మొదట్లో చెప్పలేదు.

బీపీఏ, థాలేట్లు, క్రీముల్లాంటివి పాడవకుండా కలిపే పారాబెన్లు ఒంట్లో ఎక్కువసేపు ఉండవు. చాలావరకు ఒక రోజులో మూత్రంతో బయటికి పోతాయి. అయినా ఎవరిని పరీక్షించినా ఎందుకు కనిపిస్తున్నాయంటే, పోయినవి పోతుండగానే మనం మళ్లీ తెచ్చుకుంటున్నాం. అంటే ఇవాళ అలవాటు మారిస్తే రేపటికే తేడా ఉంటుంది. ఇవి రోజువారీ అలవాట్ల లెక్క.

పీఫాస్, పాత ఫోముల్లో, ఎలక్ట్రానిక్ వస్తువుల్లో మంటలంటుకోకుండా కలిపిన కొన్ని బ్రోమిన్ రసాయనాలు, డీడీటీ లాంటి పాత పురుగుమందులు రెండో రకం. పీఎఫ్‌ఓఏ ఒంట్లో సగానికి తగ్గడానికే రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. వీటికి రోజూ హడావిడి పడి లాభం లేదు. ఏదైనా కొనేటప్పుడు ఒకసారి ఆలోచించి, ఆ తర్వాత మర్చిపోవచ్చు.

మొదటి పని: ఏమీ పారేయకండి, ఒక్కరోజు గమనించండి

మామూలు రోజొకటి ఎంచుకుని, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మూడు సంగతులు మాత్రం ఫోన్‌లో రాసుకోండి. వేడిగా ఉన్నది ఏదైనా ప్లాస్టిక్‌కి ఎప్పుడు తగిలింది? ఒంటికి, జుట్టుకు, బట్టలకు, గదికి వాసన వచ్చేది ఏమేం వాడారు? తినే ముందు చేతులు కడుక్కున్నారా లేదా? ప్రతి ఇంట్లో జాబితా వేరుగా ఉంటుంది. కొందరి వంటిల్లు శుభ్రంగా ఉంటుంది కానీ బాత్రూమ్ అరలో ఇరవై సీసాలుంటాయి. అందుకే ఇంకొకళ్ల జాబితా చూసి మొదలుపెట్టొద్దు. ఆ రోజు ఏమీ మార్చకుండా ఊరికే రాయండి చాలు.

రెండో పని: వేడి, కొవ్వు, ప్లాస్టిక్ మూడూ కలవకుండా చూడండి

మొత్తం గైడ్‌లో ఒక్కటే చేస్తానంటే ఇదే చేయండి.

అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1998లో జరిగిన సంగతి ఒకటుంది. ప్యాట్ హంట్ అనే శాస్త్రవేత్త ఎలుకల అండాల మీద పరిశోధన చేస్తున్నారు. ఏ రసాయనమూ ఇవ్వని మామూలు ఎలుకల్లో క్రోమోజోములు గందరగోళంగా అమరిన అండాలు ఒకటి రెండు శాతం దాటవు, అవి ఉన్నట్టుండి 40 శాతానికి ఎగబాకాయి. ఎందుకో అర్థం కాక వెతగ్గా వెతగ్గా, ఎవరో పొరపాటున ఎలుకల బోనుల్నీ నీళ్ల సీసాల్నీ ఘాటైన క్లీనర్‌తో కడిగారని బయటపడింది. అవి బీపీఏతో తయారయ్యే పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌వి. ఆ క్లీనర్ దెబ్బకు ప్లాస్టిక్ పైపొర చెడి బీపీఏ ఊరింది. అంతకు పదేళ్ల ముందు బోస్టన్‌లో ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ ల్యాబులోనూ ఇలాంటిదే జరిగింది, ఈస్ట్రోజెన్ వేయకుండానే రొమ్ము క్యాన్సర్ కణాలు పెరిగిపోతుంటే, చివరికి పరీక్ష నాళికల ప్లాస్టిక్ నుంచి ఈస్ట్రోజెన్‌లా పనిచేసే నోనైల్‌ఫినాల్ అనే రసాయనం కారుతోందని తేలింది. ప్లాస్టిక్ దానంతట అదే దొరికిపోయిందన్నమాట.

దీంట్లోంచి మీ వంటింటికి పనికొచ్చేవి ఇవి. గీతలు పడి, మసకబారి, పాలిపోయిన ప్లాస్టిక్ పాత్రలో తినేదేదీ పెట్టకండి. ప్లాస్టిక్‌ని మరుగు నీళ్లతో, ఘాటైన పొడులతో తోమకండి, డిష్‌వాషర్‌లో వేయకండి. మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ అసలు పెట్టకండి. "మైక్రోవేవ్ సేఫ్" అని రాసి ఉన్నా సరే, ఆ మాటకు అర్థం డబ్బా కరగదు, వంకర పోదు అని, దాంట్లోంచి ఏదీ దిగదు అని కాదు. గాజు గిన్నెలో లేదా పింగాణీ ప్లేటులో వేడి చేసి, పైన ప్లాస్టిక్ పొర బదులు ఇంకో ప్లేటు బోర్లించండి. వండింది చల్లారాక సర్దడానికి మీ దగ్గరున్న ప్లాస్టిక్ డబ్బాలు తప్పనిసరైతే వాడుకోండి, వేడి మీద మాత్రం వద్దు. నూనె, వెన్న, మాంసం లాంటి కొవ్వున్నవాటికి గాజు, స్టీలు కేటాయించండి, ఎందుకంటే ఈ రసాయనాల్లో చాలావాటికి నీళ్లకన్నా కొవ్వంటేనే ఇష్టం. ఎండు సరుకుల డబ్బాల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నేను చేసిన తప్పు అదే.

డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది చూడండి. 2, 4, 5 కొంత నయం. 3 అంటే పీవీసీ, మెత్తగా ఉండటానికి థాలేట్లు కలుపుతారు. 6 పాలీస్టైరిన్, వేడి పానీయాలకు పనికిరాదు. 7 అంటే "ఇతరాలు", పాలీకార్బొనేట్ దాంట్లోకే వస్తుంది. 1 అంకె ఉన్న నీళ్ల సీసాలు ఒకసారి వాడి వదిలేసేవి, ఎండలో కారులో పెట్టి వారాల తరబడి నింపుకుని తాగడానికి కాదు.

కళ్లకు కనపడనివి కొన్నుంటాయి. గాజు డబ్బా కొని పైన ప్లాస్టిక్ మూతకు తగిలేంత నిండుగా వేడివి పోస్తే కొన్నదాని వల్ల ఏం లాభం, ఒక వేలెడు ఖాళీ వదలండి. లోపల ప్లాస్టిక్ ఉన్న ఎలక్ట్రిక్ కెటిల్ పాడైనప్పుడు స్టీలుది తెచ్చుకోండి, పాడవకుండా మార్చక్కర్లేదు. కాగితం కప్పు కాగితం కాదు, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది.

టిన్నుల్లో వచ్చే ఆహారం సంగతి వేరే చెప్పాలి. డబ్బా లోపలి పూతలో చాలా ఏళ్లపాటు బీపీఏతో చేసిన ఎపాక్సీ అనే రెసినే ఉండేది. హార్వర్డ్ పరిశోధకులు 2011లో 75 మందికి ఐదు రోజులు రోజుకొకసారి డబ్బా సూపు, ఇంకో ఐదు రోజులు అప్పటికప్పుడు చేసిన సూపు ఇచ్చారు. డబ్బా సూపు తాగిన రోజుల్లో మూత్రంలో బీపీఏ లీటరుకు 1.1 నుంచి 20.8 మైక్రోగ్రాములకు పెరిగింది. అదే ఏడాది ఇంకో అధ్యయనంలో ఐదు కుటుంబాలు మూడంటే మూడు రోజులు డబ్బాల్లో, ప్లాస్టిక్ ప్యాకింగుల్లో వచ్చినవి మాని తాజా ఆహారం తింటే బీపీఏ 66 శాతం, డీఈహెచ్‌పీ అనే థాలేటు ఆనవాళ్లు సగానికి పైగా తగ్గాయి. మూడు రోజులకే! ఇరవై మందితో చేసిన చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను, కానీ ఒక్క రోజులో ఒంట్లోంచి పోయే రసాయనం అలా ప్రవర్తించడంలో ఆశ్చర్యం లేదు.

మూడో పని: "బీపీఏ లేదు" అన్న లేబుల్‌ని సగమే నమ్మండి

బీపీఏ మీద గొడవ మొదలయ్యాక చాలా కంపెనీలు దాన్ని తీసేసి బీపీఎస్, బీపీఎఫ్ పెట్టాయి. అవి బీపీఏకి అన్నదమ్ములు, హార్మోన్ల మీద ఇంచుమించు అలాగే పనిచేస్తున్నాయి. లేబుల్ అబద్ధం చెప్పడం లేదు, అడిగినదానికే జవాబు చెప్తోంది.

ప్రభుత్వాలు కూడా ఒక్కో రసాయనం వెంటే పడుతూ వచ్చాయి. యూరప్‌లో పాలసీసాల్లో బీపీఏని 2011లో ఆపారు. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజుకు ఎంతవరకు ఫర్వాలేదన్న హద్దును ఒక్కసారిగా 20 వేల రెట్లు తగ్గించి, కిలో బరువుకు 0.2 నానోగ్రాములు అంది. ఈ లెక్కను అందరూ ఒప్పుకోలేదు, జర్మనీ సంస్థ ఒకటి గట్టిగానే విభేదించింది. అయినా 2024 చివర్లో ఆహారానికి తగిలే వస్తువుల్లో బీపీఏని నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది, అందులో బీపీఏ ఒక్కదాన్నే కాకుండా ప్రమాదకరమని వర్గీకరించిన దాని తోబుట్టువుల్నీ కలిపారు. మీరు చేయాల్సిందల్లా, లేబుల్ చూసి కొత్త ప్లాస్టిక్ కొనే బదులు, ఆ వస్తువు గాజులోనో స్టీలులోనో దొరుకుతుందేమో చూడటం.

నాలుగో పని: వాసనలు తగ్గించండి

థాలేట్లు పేరు పెట్టుకుని లేబుల్ మీదికి రావు. సువాసన ఎక్కువసేపు నిలవడానికి డైఇథైల్ థాలేటు కలుపుతారు, కానీ లేబుల్ మీద "ఫ్రాగ్రెన్స్" అనో "పర్ఫ్యూమ్" అనో ఒక్క మాట ఉంటుంది. ఆ ఒక్క మాట వెనక డజన్ల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. పారాబెన్లు ఆ విషయంలో నిజాయితీపరులు, పేరు చివర "పారాబెన్" అని స్పష్టంగా ఉంటుంది, చదివితే దొరికిపోతాయి.

కాలిఫోర్నియాలో వంద మంది టీనేజీ అమ్మాయిలతో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. మూడు రోజులపాటు థాలేట్లు, పారాబెన్లు, క్రిముల్ని చంపడానికి కలిపే ట్రైక్లోసాన్, ఎండను ఆపడానికి కలిపే ఆక్సీబెంజోన్ లేవని లేబుల్ మీద ఉన్న షాంపూలు, క్రీములు, మేకప్ సామాన్లే వాడించారు. మిథైల్, ప్రొపైల్ పారాబెన్లు 44, 45 శాతం తగ్గాయి, ట్రైక్లోసాన్, ఆక్సీబెంజోన్ 36 శాతం చొప్పున, డైఇథైల్ థాలేటు ఆనవాలు 27 శాతం. విచిత్రంగా, తక్కువగా వాడే ఇంకో రెండు పారాబెన్లు కాస్త పెరిగాయి. అంటే లేబుల్ మీద లేదన్నంత మాత్రాన డబ్బాలో లేనట్టు కాదు.

ఎలా చేయాలంటే: బాత్రూమ్ అరలో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టి రెండు కుప్పలు చేయండి. రాసుకుని రోజంతా ఒంటిమీద ఉంచుకునేవి ఒక కుప్ప, అంటే లోషన్, క్రీము, డియోడరెంట్, సెంటు, సన్‌స్క్రీన్, నెయిల్ పాలిష్. రాసి కడిగేసేవి రెండో కుప్ప, అంటే సబ్బు, షాంపూ. మొదటి కుప్పే ముఖ్యం, రెండోది తర్వాత చూసుకోవచ్చు. మొదటి కుప్పలో నిజంగా మీకు కావాల్సినవెన్ని? నాకు పదకొండులో నాలుగు తేలాయి, మిగతావి ఎందుకు కొన్నానో ఇప్పటికీ గుర్తు లేదు. అయిపోయినప్పుడు వాటి చోట "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని ఉన్నవి కొనండి. "అన్‌సెంటెడ్" అంటే అదే అనుకోకండి, ఒక వాసనను కప్పేయడానికి ఇంకో వాసన కలిపి ఆ మాట రాస్తుంటారు. గదికి కొట్టే ఫ్రెషనర్లు పూర్తిగా మానేయొచ్చు. దుర్వాసన ఎక్కడినుంచి వస్తోందో చూసి కడిగి, కిటికీ తీస్తే సరిపోయేదానికి స్ప్రే ఎందుకు?

సన్‌స్క్రీన్ మాత్రం మానకండి, చర్మ క్యాన్సర్ ముప్పు నిజమైనది. ఆక్సీబెంజోన్ ఉన్నదాని బదులు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న క్రీము తీసుకోండి, స్ప్రే రూపంలో వద్దు. యాంటీబ్యాక్టీరియల్ సబ్బులతో పనిలేదు, మామూలు సబ్బుకన్నా మేలని కంపెనీలు నిరూపించలేకపోయాయని అమెరికాలో మందుల్ని, ఆహారాన్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2016లో ట్రైక్లోసాన్ సహా 19 పదార్థాలను అలాంటి సబ్బుల్లోంచి తీసేయమంది.

"సహజం" అన్న మాటకు కూడా పడిపోకండి. లావెండర్, టీ ట్రీ నూనెలున్నవి వాడిన ముగ్గురు చిన్న మగపిల్లల్లో రొమ్ము పెరిగిందనీ, వాడకం ఆపాక తగ్గిందనీ 2007లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. తర్వాతి అధ్యయనాలు కొన్ని దాన్ని సమర్థించలేదు. ఏదేమైనా మొక్కలోంచి వచ్చిందని హార్మోన్‌కి తెలియదు కదా.

ఐదో పని: చేతులు, బిల్లులు, దుమ్ము

నిగనిగలాడే బిల్లు కాగితం మీద గోటితో గీస్తే నల్లగీత పడితే అది థర్మల్ పేపర్. దాని పూతలో బీపీఏ గానీ బీపీఎస్ గానీ పొడిలా ఉంటుంది, చేతికి అంటుకుంటుంది. శానిటైజర్, క్రీము రాసుకున్న చేత్తో పట్టుకుంటే ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. అక్కర్లేని బిల్లు వద్దనండి, చిన్నపిల్లల చేతికి ఆడుకోవడానికి ఇవ్వకండి. రోజుకు ఒకటి రెండు పట్టుకునేవాళ్లు ఇంతకుమించి ఆలోచించక్కర్లేదు, కౌంటర్లో రోజంతా బిల్లులు చింపేవాళ్లు మాత్రం నైట్రైల్ గ్లవ్స్ గురించి ఆలోచించాలి.

ఇంటి దుమ్ము చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. సోఫా ఫోములోంచి, టీవీ వెనకనుంచి, వినైల్ ఫ్లోరింగ్‌లోంచి, కార్పెట్ మీది పూతలోంచి ఊడిపడ్డవన్నీ చివరికి దుమ్ములోనే చేరతాయి, పాకే పిల్లలు ఆ దుమ్ములోనే ఆడి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. పొడి చీపురుతో లేపితే గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి, వాక్యూమ్ క్లీనర్ ఉంటే సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నది మేలు. చెప్పులు గుమ్మం బయటే వదలండి. చిరిగి ఫోము బయటికొచ్చిన పాత సోఫా దిండును కుట్టండి, లేదా తీసేయండి. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంత పాత సలహా ఇంత కొత్త సమస్యకు పనికొస్తుందని నేనూ అనుకోలేదు.

ఇంట్లో పురుగుల స్ప్రే బదులు పగుళ్లు పూడ్చడం, తిండి మూతపెట్టడం ముందు చేయండి. పళ్లు, కూరగాయలు ధారగా పోస్తున్న నీళ్ల కింద రుద్ది కడగండి. పురుగుమందుల భయంతో వాటిని తినడం తగ్గిస్తే నష్టమే ఎక్కువ.

ఆరో పని: ఏళ్ల తరబడి ఉండేవాటి గురించి ఒక్కసారి ఆలోచించండి

ఇది రెండో రకం, తొందర లేదు. నాన్‌స్టిక్ పెనం మీద పూత పొట్టు మింగినా అది దాదాపు అలాగే బయటికి పోతుంది, అసలు గొడవ దాన్ని తయారుచేసేటప్పుడు వాడిన పీఎఫ్‌ఓఏది, దాన్ని పెద్ద కంపెనీలు 2015కల్లా మానేస్తామని అమెరికాలో ఒప్పుకున్నాయి, 2019లో అంతర్జాతీయ ఒప్పందం కింద కూడా నిషేధ జాబితాలోకి ఎక్కింది. అయితే ఆ జాగాలోకి వచ్చిన కొత్తవి కూడా అదే కుటుంబం. ఉన్న పెనాన్ని ఖాళీగా మంట మీద మర్చిపోకండి, 260 డిగ్రీలు దాటితే పూత చెడటం మొదలవుతుంది, ఆ పొగకు పంజరంలోని పక్షులు చనిపోతాయి. గీతలు పడ్డాక మాత్రం ఇనుపదో స్టీలుదో తెచ్చుకోండి.

మరక అంటదు, నీళ్లు అంటవు అని చెప్పి అమ్మే సోఫా గుడ్డ, కార్పెట్, జాకెట్, నూనె పీల్చని తిండి పొట్లాలు, వీటన్నిట్లో పీఫాస్ ఉండే అవకాశముంది. కొనేటప్పుడు ఆ పూత లేనిది అడగండి.

నీళ్ల విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి: మరిగిస్తే పీఫాస్ పోవు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడతాయి. ఆర్‌వో, యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్లు తగ్గిస్తాయి, వాటిని చెప్పిన గడువుకు మారిస్తేనే. మీ నీళ్లలో సమస్య ఉందో లేదో నీటి పరీక్ష ఫలితాలు చూశాకే యంత్రం కొనండి. అమెరికా 2024లో పీఎఫ్‌ఓఏకి, అదే కుటుంబంలోని పీఎఫ్‌ఓఎస్‌కి తాగునీటిలో పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు, పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

ఎవరి కోసం తొందరపడాలి

ఇంట్లో గర్భిణి, లేదా బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న జంట, లేదా చంటిపిల్లలు ఉంటే పైన చెప్పినవాటిలో రెండు, నాలుగు, ఐదు ఈ వారమే మొదలుపెట్టండి. మిగతావాళ్లు ఒక్కోటీ నెలకొకటి చొప్పున చేసుకున్నా నష్టం లేదు.

పిండిపాలు కలిపేటప్పుడు నీళ్లు కనీసం 70 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది క్రిములు చావడానికి, దాన్ని మానకండి. గాజు లేదా స్టీలు పాత్రలో కలిపి, గోరువెచ్చగా అయ్యాక సీసాలో పోయండి, సీసానే గాజుది అయితే ఆ బాధ కూడా లేదు. చనుపాలలో రసాయనాలుంటాయని చదివి పాలివ్వడం ఆపేసిన తల్లులున్నారు. ఆపొద్దు, పాలవల్ల బిడ్డకు వచ్చే మేలు చాలా పెద్దది. ఆసుపత్రిలో సెలైన్ గొట్టాల్లో థాలేట్లు ఉంటాయన్నదీ నిజమే, దానికోసం చికిత్స వద్దనకండి.

నెలసరి తప్పుతుండటం, థైరాయిడ్ లక్షణాలు, ఏడాదిగా ప్రయత్నించినా గర్భం రాకపోవడం, ఎనిమిదేళ్లలోపు ఆడపిల్లలో రొమ్ము ఎదగడం, తొమ్మిదేళ్లలోపు మగపిల్లల్లో యుక్తవయసు లక్షణాలు, వీటిలో ఏదున్నా డబ్బాలు మారుస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వీటికి వేరే కారణాలు చాలా ఉంటాయి, చాలావాటికి మందులున్నాయి.

ఒంట్లో బీపీఏ ఎంతుందో పరీక్ష చేయించుకోవాలా అని అడుగుతుంటారు. ఆ రిపోర్టు మీరు నిన్న ఏం తిన్నారో చెప్తుంది తప్ప జబ్బు గురించి చెప్పదు. డిటాక్స్ పొడులకూ డబ్బు తగలేయకండి, ఆ పని చేయడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి.

భయపెట్టే వార్త వచ్చినప్పుడు

2024లో నల్ల ప్లాస్టిక్ గరిటెల్లో మంటనిరోధక రసాయనం ఉందనీ, అది దాదాపు ప్రమాద హద్దు దగ్గరికి వస్తోందనీ ఒక పరిశోధన పత్రం వచ్చి, జనం గరిటెలు పారేశారు. తర్వాత చూస్తే ఆ హద్దు లెక్కలోనే తప్పు, అసలుకన్నా పది రెట్లు తక్కువ వేశారు: 7,000ని 60తో గుణించి 4,20,000 రాయాల్సిన చోట 42,000 అని రాశారు. డిసెంబరులో దిద్దుకున్నారు. పాత ఎలక్ట్రానిక్ సామాన్లు కరిగించి చేసిన ప్లాస్టిక్ గరిటె కాగే నూనెలో పెట్టడం ఇప్పటికీ మంచి ఆలోచన కాదు, చెక్కదో స్టీలుదో ఉంటే అది వాడండి. కానీ అలాంటి వార్త కనిపిస్తే సంచీ తీయకముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ రసాయనం ఒంట్లో రోజు ఉండేదా, ఏళ్లుండేదా? నేను వాడే తీరులో వేడి గానీ కొవ్వు గానీ ఉందా?

మా ఇంట్లో ఇప్పటికీ మూడు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. ఒకదాంట్లో మేకులు, ఒకదాంట్లో పాత బ్యాటరీలు, మూడోదాని మూత ఎక్కడుందో ఎవరికీ తెలియదు.